తండ్రి పని చూపించని సినిమా

మా కాలేజీలో కొత్తగా చేరిన ఒక లెక్చరర్ అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసింది. "మేడం, మీరు నడిపిన ఎలెక్టివ్ కోర్సుల సిలబస్‌లు ఉంటే పంపిస్తారా? నన్నూ ఒక కోర్సు తయారు చెయ్యమన్నారు" అని అడిగింది. అల్మారా అంతా వెతికితే కాగితాలు దొరికాయి. చదివి చూస్తే వాటిలో అసలు సంగతి ఏదీ లేదు. యూనిట్ ఒకటి, యూనిట్ రెండు, చదవాల్సిన పుస్తకాలు, చూడాల్సిన సినిమాలు, అంతే. ఆ గదిలో నిజంగా ఏం జరిగిందో ఆ కాగితాలకు తెలియదు. అందుకే వాటితో పాటు ఇది కూడా రాసి పంపుతున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే మరెవరికైనా పనికొస్తే సంతోషం.

నేను సూరత్‌లోనే పుట్టాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి సాంచెల పనికి వచ్చాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. ఖటోదరాలోని ఒక కార్ఖానలో ఆయన వయసంతా గడిచిపోయింది. నేను చదువుకుని, ఈ ఊళ్లోనే ఒక కాలేజీలో సాహిత్యం చెప్పే ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు, మీకు చదవడానికీ ఉండదు. రెండు కోర్సుల గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి మాత్రం చెబుతాను.

కిటికీ పక్క కుర్చీ

చాలా ఏళ్లు యూనివర్సిటీ పంపిన పాఠాలే చెప్పాను. ఏ పుస్తకం, ఎన్ని పేజీలు అన్నది ఎక్కడో నిర్ణయమై వచ్చేది. అవి చెబుతూనే మనసులో వేరే కోర్సులు తయారు చేసుకునేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో నా కుర్చీ కిటికీ పక్కన ఉండేది. అక్కణ్నుంచి తాపీ నది ఒక ముక్క కనిపించేది. భోజనాలయ్యాక, ఆ ఎండలో నీళ్లు కదులుతున్నాయో ఆగిపోయాయో తెలియని వేళ, కళ్లు సగం మూసుకుని ఊహించుకునేదాన్ని. వాన కురిసే కథలు మాత్రమే చదివే కోర్సు ఒకటి. నవలల్లో మనుషులు రాసుకున్న ఉత్తరాల మీద ఇంకొకటి. పక్క కుర్చీలో ఉన్న సహోద్యోగిని "నిద్రపోతున్నావా?" అంటే, "లేదు, సిలబస్ రాస్తున్నా" అనేదాన్ని. ఆమె నవ్వేది.

తర్వాత రూల్స్ మారాయి. ఎవరి కోర్సు వాళ్లే తయారు చేసుకోవచ్చని, పిల్లలు ఇష్టమైనది ఎంచుకోవచ్చని చెప్పారు. నా ఆనందానికి హద్దు లేకపోయింది. వారం రోజులు బస్సులో వస్తూ పోతూ నేను దిగాల్సిన స్టాపులు కూడా మరిచిపోయాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒక రచయిత్రి మీద కోర్సు రాసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన గుజరాతీ. కామర్స్ మనిషి. ఆడవాళ్లను అక్కా అన్నట్టు 'బెన్' అంటాడు. తక్కువ మాట్లాడతాడు. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చాలా అందంగా రాశారు బెన్. ఇది పిల్లల కోసమా, మీ కోసమా?" అని హిందీలో అడిగాడు.

నేను నవ్వేసి, "రెండూ సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టాడు. "సగం కోర్సు అయ్యాక ఇదే ప్రశ్న మీకు మీరు వేసుకోండి" అన్నాడు. కామర్స్ వాళ్లకు సాహిత్యం ఏం తెలుస్తుందిలే అనుకుని బయటికి వచ్చాను. నా జీవితంలో నాకు దొరికిన పై అధికారుల్లో ఆయనే మంచివాడని అప్పుడు నాకు తెలియదు.

నాకిష్టమైన రచయిత్రి

ఆమె పేరు ఇక్కడ రాయను. నా పదిహేడో ఏట, ఊరి నుంచి వచ్చిన చుట్టాల సామాన్లలో ఆమె నవల ఒకటి దొరికింది. పేజీలు పసుపు పచ్చగా మారిపోయాయి. అట్ట లేదు. వీధి చివర సాంచెల మోత రోజంతా ఒకే తీరుగా వినిపిస్తుంటే, ఇంట్లో చాప మీద పడుకుని ఆ నవల చదివాను. అందులో పెద్దగా ఏమీ జరగదు. ఒక రేవు పట్నంలో ఒకామె ఉంటుంది, పడవలు వస్తుంటాయి, పోతుంటాయి. అది చదివాక కొన్ని నెలలు నేను ఆ రేవులోనే ఉన్నాను. మా అమ్మ పిలిస్తే పలికేదాన్ని కాదు.

మా తరగతిలో గుజరాతీ పిల్లలు, మరాఠీ పిల్లలు, ఒడియా వాళ్లు, మన తెలుగువాళ్లు, అందరూ ఉండేవాళ్లు. వాళ్ల కోసం ఆ నవలలోని అధ్యాయాలు నేనే హిందీలోకి మార్చాను. క్లాసులో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. నీటి వాసన గురించి, లంగరు తాడు గురించి, ఆమె చివరి పేజీలో గడప మీద కూర్చునే తీరు గురించి. పిల్లలు కదలకుండా వినేవాళ్లు. గొప్పగా సాగుతోందని అనుకున్నాను.

సగం కోర్సు అయ్యాక ఒకరోజు, తలుపు దగ్గర ఒక అమ్మాయి ఆగింది. పేరు రజిత. తెలుగు పిల్ల. తండ్రి ఖటోదరాలో సాంచెలు నడుపుతాడు. తల్లి ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అతికిస్తుంది. క్లాసులో ఎక్కువ మాట్లాడదు, కానీ ఏదైనా అంటే సూటిగా అంటుంది.

"మేడం, ఒకటి చెప్తే ఏమనుకోరు గదా?"

"చెప్పు."

"మీరు చెప్తుంటే మస్తుంటది. ఇంటికి వోయి పుస్తకం తెరిస్తే గదంత ఏడ వోయిందో తెల్వదు. ఆ పుస్తకంల మీరున్నరు మేడం. మేం లేం."

నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో కోపం తగ్గింది. ఇంటికి వచ్చేసరికి సిగ్గు మిగిలింది. పిల్లలు చూస్తున్నది నవలను కాదు, ఆ నవలను ప్రేమిస్తున్న నన్ను. నేను ఏడ్చే పేజీ ముందే చెప్పేస్తుంటే, వాళ్లకు తమ పేజీ ఎలా దొరుకుతుంది?

మిగిలిన వారాల్లో నేను నోరు మూసుకున్నాను. చదవమని ఇచ్చి, "ఎక్కడ ఆగిపోయారు?" అని మాత్రం అడిగాను. కొందరు మొదటి పేజీలోనే ఆగిపోయారు. కొందరు మానేశారు. ఒక ఒడియా అబ్బాయి మాత్రం, నేను ఎప్పుడూ పట్టించుకోని ఒక వంటమనిషి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మీకు ప్రాణమైన రచయితను పాఠంగా పెట్టుకోవద్దని నేను చెప్పను. పెట్టండి. కానీ మీ ప్రేమను కొన్నాళ్లు ఇంట్లో దాచి రండి.

శుక్రవారం మధ్యాహ్నాలు

ఆ తర్వాతి సెమిస్టర్‌లో సినిమాల కోర్సు పెట్టాను. మనిషికి స్ఫూర్తినిచ్చే సినిమాలు అన్నది విషయం. పుస్తకాలతో దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి పిల్లలకు నచ్చేదే ఇద్దామనుకున్నాను. సీట్లు రెండు రోజుల్లో నిండిపోయాయి. రజిత కూడా చేరింది.

శుక్రవారం మధ్యాహ్నం, కింది అంతస్తులో పొడుగాటి గది. నల్ల తెరలు దించితే మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సాయంత్రంలా ఉండేది. తెరల అంచున ఎక్కడో ఒక సన్నని ఎండ గీత మిగిలిపోయి, దానిలో దూది పింజల్లా ధూళి మెల్లగా తేలుతుండేది. ప్రొజెక్టర్ వెలుగు పిల్లల ముఖాల మీద నీలంగా, ఎర్రగా మారుతుంటే నేను సినిమా చూడటం మానేసి వాళ్లను చూసేదాన్ని. నోళ్లు కొంచెం తెరుచుకుని, కన్నీళ్లు తుడుచుకోవడం మరిచిపోయి, అందరూ ఒకే కలలో ఉన్నట్టు ఉండేవాళ్లు. సినిమా అయ్యాక బయటి వెలుతురులోకి వచ్చి కళ్లు నులుముకునేవాళ్లు. గుజరాతీ పిల్లలు "మజా ఆవీ గయీ మేడం" అనేవాళ్లు, భలే బాగుందని. ఆ సెమిస్టర్‌లో నేను కూడా తేలిపోతూ తిరిగాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సినిమాలన్నీ ఒక్కటే. పేదింట్లో ఒక కల పుడుతుంది. ఇంట్లోవాళ్లు అడ్డుపడతారు. కలగన్నవాళ్లు గడప దాటుతారు. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొడతారు. అందులో ఒక సినిమాను అందరూ మరీ ఎక్కువగా ఇష్టపడ్డారు. అది మిల్లు కార్మికుడి కూతురి కథ. ఆమె ఈతలో పెద్ద పేరు తెచ్చుకుంటుంది. సగంలో తండ్రి వద్దంటాడు. ఆమె గుమ్మంలో నిలబడి, "నేను నీలాగా బతకను" అని చెప్పి వెళ్లిపోతుంది. ఆ మాటకు మా గదిలో ఈలలు పడ్డాయి. నేనూ చప్పట్లు కొట్టాను. సాంచెలు నడిపి నన్ను చదివించిన మనిషి కూతురిని. నాకు ఆ క్షణంలో ఏమీ అనిపించలేదు. ఇది నా రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు రజిత రాలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన మనిషి

ఒకరోజు పదకొండింటికి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. చెప్పులు బయటే విడిచాడు.

"రజిత వాళ్ల బాపును మేడం. రాజేశం నా పేరు" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే, గదిలో అందరూ తలలు తిప్పారు. సాంచెల మధ్య ముప్పయ్యేళ్లు ఉన్నవాళ్లకు చెవులు మందగిస్తాయి. తమ గొంతు తమకు వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడతారు. మా నాన్నా అంతే.

"కూసోండన్నా" అన్నాను నేనూ గట్టిగా. "రజిత మంచిగున్నదా? క్లాసుకొస్తలేదు."

"మంచిగనే ఉన్నది." కాసేపు చేతులు చూసుకున్నాడు. "పిల్లలకు ఈడ సినిమాలు సూపిస్తరట గదా మేడం. అండ్ల ఒక బిడ్డ తండ్రితోని ఏందో అంటదట. గా సినిమా నాకు జర సూపిస్తరా? ఇయ్యాల మా కార్ఖాన బందు. అందుకే అచ్చిన."

ఏ సినిమా, ఏ మాట అన్నది నాకు అర్థమైంది. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాడనుకుని, సంజాయిషీ మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"లొల్లి వెట్టనీకి రాలేదు మేడం. సూద్దామని అచ్చిన. గంతే."

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఒక కార్మికుడి కోసం ఆ గది తెరవడానికి ఏవేవో కాగితాలు అడుగుతాడనుకున్నాను. ఆయన సొరుగులోంచి తాళంచెవి తీసి నా చేతికిచ్చాడు. "ఆయన చూస్తున్నంతసేపు మీరు పక్కనే కూర్చోండి బెన్. మధ్యలో లేచి రావద్దు" అన్నాడు.

ఆ పొడుగాటి గదిలో ఇద్దరమే ఉన్నాం. ఖాళీ కుర్చీల మధ్య ముందు వరుసలో కూర్చున్నాం. సినిమా హిందీలో ఉంది. ఎంత పెంచినా ఆయనకు మాటలు అందలేదు. కింద వచ్చే అక్షరాలు ఇంగ్లిషు. ఆయన తెలుగు మాత్రమే చదవగలడు. అంటే బొమ్మలు మాత్రమే ఆయన చూస్తున్నాడు. పిల్ల నీళ్లలో దిగితే తనూ ఊపిరి బిగపట్టాడు. పిల్ల తండ్రి కనిపించినప్పుడల్లా కొంచెం ముందుకు వంగాడు. మధ్యమధ్య నావైపు తిరిగి, "ఇప్పుడేనా అన్నది?" అని అడిగాడు.

"ఇంక కాలే అన్నా."

"అన్నప్పుడు జర చెప్పుండ్రి."

ఆ మాట వచ్చే చోటు నాకు తెలుసు. ఆ పిల్ల గుమ్మంలో తిరిగి నిలబడింది. నేను కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టాను. ఆయన పిల్లను చూడలేదు. మంచం మీద కూర్చున్న తండ్రి ముఖాన్నే చూశాడు. అది తెర మీద ఉన్నది నాలుగు క్షణాలే.

సినిమా అయిపోయింది. తెర మీద జనం లేచి నిలబడి కొడుతున్న చప్పట్లు ఆయనకు వినిపించలేదు. నేను లైటు వెయ్యలేదు. ఆయన తెర వైపు చూస్తూనే అన్నాడు.

"పిల్ల మంచిగ ఈదుతది మేడం. గొప్ప పిల్ల. గని గా తండ్రి మిల్లుల ఏం పని జేస్తడు?"

"మిల్లు కార్మికుడన్నా."

"అది ఎరికే. ఏం పని జేస్తడు? నూలు వడుకుతడా, రంగేస్తడా, సాంచె నడుపుతడా? గేటు సూపిచ్చిండ్రు. ఇంటికచ్చి పండుడు సూపిచ్చిండ్రు. దగ్గుడు సూపిచ్చిండ్రు. పని జేసేది ఒక్కసారి గూడ సూపియ్యలే. పని సూడకుంటే ఆయన లెక్క బతకద్దనే అనిపిస్తది ఎవలకైనా. ఆమెదేం తప్పు లేదు."

ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకు కథల గురించి చెబుతున్నాను. ఆ సినిమాను నాలుగుసార్లు చూశాను. ఈ సంగతి నాకు తట్టలేదు. చెవులతో వినలేని మనిషి, బొమ్మలు మాత్రమే చూసి, ఆ సినిమాలో లేనిదేమిటో చెప్పాడు.

ఇంకా ఒక మాట చెప్పాలి. ఆయన "ఏం పని జేస్తడు?" అని అడిగినప్పుడు, మా నాన్న గురించి నన్నెవరైనా ఇదే ప్రశ్న అడిగితే ఏం చెబుతానని ఆలోచించాను. సాంచె నడిపేవాడు. ఆ తర్వాత? నా దగ్గర రెండో వాక్యం లేదు. ఆయన పనిచేసే చోటికి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు.

రెండోసారి అన్న మాట

మర్నాడు రజిత వచ్చింది. తండ్రి కాలేజీకి వచ్చి సినిమా చూశాడని ఆమెకు ఇంట్లో తెలిసింది. వరండా చివర నిలబడి చెప్పింది.

అన్నం తింటూ తండ్రి ఆమెతో డిగ్రీ అయ్యాక తెలిసినవాళ్ల చీరల ఆఫీసులో చేరమన్నాడు. ఆమె ఇంకా చదువుతానంది. మాటా మాటా పెరిగింది. అప్పుడు ఆ సినిమాలో మాట ఆమె నోట్లోకి వచ్చింది.

"నేను నీ లెక్క బతుక అన్న మేడం. ఆయనకు ఇనబడలే. 'ఏంది బిడ్డా?' అన్నడు. మళ్ల గట్టిగ జెప్పిన." ఆమె గోడకేసి చూస్తూ మాట్లాడుతోంది. "ఫస్ట్ టైం కోపంల అన్న. సెకండ్ టైం తెలిసే అన్న. పక్కింటోళ్లు గూడ ఇన్నరు."

"బాపు ఏమన్నడు?"

"ఏమనలే. చెయ్యి కడుక్కొని లేసిండు. అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. అది సినిమాల మాటని అమ్మకు జెప్పిన, అమ్మ బాపుకు జెప్పింది. సారీ చెప్దామంటే అది గూడ గట్టిగ జెప్పాలె గద మేడం. గల్లీ అంత ఇంటరు."

నేను ఆమెకు సలహా ఏమీ ఇవ్వలేదు. ఇచ్చే అర్హత నాకు లేదనిపించింది. తర్వాతి శుక్రవారం క్లాసులో పిల్లలకు జరిగింది పేర్లు చెప్పకుండా చెప్పాను. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నానని ఒప్పుకున్నాను. మిగిలిన సినిమాల జాబితా పక్కన పెట్టేశాను. మీ ఇంట్లో ఎవరో ఒకరు పనిచేస్తుంటే వెళ్లి ఒక గంటసేపు నిలబడి చూడండి, వాళ్ల చేతులు ఏం చేస్తాయో రాసి తీసుకురండి అన్నాను. కొందరు మూతి విరిచారు. సినిమాలుంటాయని చేరాం గదా అన్నారు. నిజమే, వాళ్లకు నేను అన్యాయం చేశాను. కానీ ఆ రోజుకు నాకు అంతకన్నా తెలియలేదు.

రజిత తల్లితో అడిగిస్తే తండ్రి మొదట ఒప్పుకోలేదు. ఆయన వారపు సెలవు రోజున నేను వాళ్లింటికి వెళ్లాను.

"ఆడికి ఆడపిల్లలు రారు మేడం. మస్తు మోతుంటది. ఏముంటది ఆడ సూసేటందుకు?"

"నేను గూడ అస్తనన్నా. మా నాయిన సాంచెలు నేను ఒక్కసారి గూడ సూడలే" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "రేపు మూడింటికి రాండ్రి. సేఠ్‌కు నేను జెప్త" అన్నాడు.

ఎనిమిది సాంచెల మధ్య

కార్ఖాన లోపలికి అడుగుపెట్టగానే మోత చెవుల్లోంచి కాదు, అరికాళ్లలోంచి ఎక్కింది. కాసేపటికి అది మోతలా అనిపించడం మానేసింది. పెద్ద వానలో తడుస్తూ నిలబడినట్టు, అన్నిటినీ కప్పేసి ఒక రకమైన నిశ్శబ్దంలా మారిపోయింది. గాలిలో నూలు నుసి తేలుతోంది. ట్యూబులైట్ల కింద ఆ నుసి మెరుస్తుంటే మనుషులు మంచులో నడుస్తున్నట్టు కనిపించారు.

రాజేశం చేతి కింద ఎనిమిది సాంచెలు. వాటి మధ్య ఆయన తొందర లేకుండా నడుస్తున్నాడు. పడుగులో, అంటే నిలువు నూలులో, పోగు తెగి ఒక సాంచె ఆగింది. ఆయన తల తిప్పి చూడకుండానే ఆ వైపు అడుగు వేశాడు. వేల పోగుల్లో తెగినదాన్ని వేలి చివరతో పట్టుకుని, ఇంకో ముక్క తీసి, ముడివేసి, సాంచెను మళ్లీ కదిలించాడు. ముడి వెయ్యడం నేను చూస్తూనే ఉన్నాను, అయినా కనిపించలేదు. అంత త్వరగా వేశాడు.

అవతలి వరుసలో ఇంకొకాయన ఏదో సైగ చేశాడు. రాజేశం చేతులతో జవాబిచ్చాడు. వేళ్లు గాల్లో గబగబా తిరిగాయి. మీసం మెలేసినట్టు, బరువు మోసినట్టు, చివర్లో కాలు జారినట్టు. నాలుగు వరుసల అవతల ఉన్నవాళ్లు కూడా నవ్వుతూ వంగిపోయారు. ఎవర్నో వెక్కిరించి ఉంటాడు. ఇంట్లో పలకని మనిషి, ఇక్కడ అందరినీ నవ్విస్తున్నాడు. రజిత నోరు తెరుచుకుని చూస్తోంది. నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది.

"మా బాపు జోకులు గూడ ఏస్తడా మేడం?"

ఎక్కడో ఇలాంటి వరుసల మధ్య మా నాన్న కూడా వేళ్లతో మాట్లాడి ఉంటాడు, నవ్వించి ఉంటాడు. ఆ నుసిలో ఆయన ఎప్పుడు కనిపిస్తాడా అన్నట్టు చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాను. బయటికి వచ్చాక నా జుట్టులోంచి రజిత నూలు పింజలు తీసింది.

తర్వాతి శుక్రవారం ఆమె తను రాసిన పేజీ చదివింది. హిందీలో, పొడి మాటల్లో రాసింది. తండ్రి ఎన్ని అడుగులకు వెనక్కి తిరుగుతాడో, ఏ వేలితో పోగు పట్టుకుంటాడో రాసింది. గొప్పవాడని ఎక్కడా రాయలేదు. చదవడం అయ్యాక, మార్కెట్లో చీరల దుకాణం ఉన్న ఒక గుజరాతీ అబ్బాయి అడిగాడు.

"ఆ ముడి చీరలో కనిపిస్తుందా?"

"కనిపించకూడదు. కనిపించకుండా వెయ్యడమే పని" అంది రజిత.

"రోజూ చీరలు మడతపెడతాను. ఎప్పుడూ వెతకలేదు" అన్నాడు వాడు. ఆ గదిలో ఆ రోజు చప్పట్లు లేవు.

కొత్తగా వచ్చేవాళ్లకు

స్ఫూర్తి అన్న మాట సిలబస్‌లో రాసేటప్పుడు జాగ్రత్త. అది మత్తులాంటిది. పంచేవాళ్లకు ముందు ఎక్కుతుంది. సినిమా చూపించే ముందు, అందులో ఎవరిని తొక్కి ఎవరు పైకి ఎక్కుతున్నారో ఒకసారి చూసుకోండి. మీ ముందు కూర్చున్న పిల్లల్లో కొందరి ఇళ్లలో ఆ తొక్కబడ్డ మనిషి ఉంటాడు. కలలు వద్దని నేను అనను. రజిత కల తప్పు కాదు. ఆమె చీరల ఆఫీసులో చేరలేదు. ఇప్పుడు సూరత్ పక్కనే ఉన్న ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, పై చదువుకు డబ్బు దాచుకుంటోంది. తండ్రి సాంచెలు వదల్లేదు.

కోర్సు తర్వాతి ఏడాది మళ్లీ పెట్టాను. పని కనిపించే సినిమాలు, పని కనిపించే కథలు వెతికాను. అలాంటివి దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సీట్లు సగమే నిండాయి. అయినా ప్రిన్సిపాల్ గారు దాన్ని ఆపలేదు. ఆయన మొదట్లో అడిగిన ప్రశ్న సంగతి నేనే ఒకరోజు ఎత్తితే, "నేను మర్చిపోయాను బెన్" అన్నాడు. మర్చిపోలేదని నాకు తెలుసు.

డుమస్

రజిత చేరిన ఆ మొదటి సినిమాల సెమిస్టర్ చివర్లో పిల్లలు డుమస్ సముద్రానికి వెళ్దామన్నారు. ఇంట్లోవాళ్లను కూడా తీసుకురండి అన్నాను. చాలామంది తల్లిదండ్రులు రాలేదు. రాజేశం వచ్చాడు. అదే తెల్ల చొక్కా.

నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. నల్ల ఇసుక తడిగా మెరుస్తూ, ఆకాశం ఎక్కడ ఆగి సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఉంది. దూరంగా నడుస్తున్న పిల్లలు నేల మీద ఉన్నారో గాల్లో ఉన్నారో చెప్పలేని మధ్యాహ్నం. రజిత టమాటా భజియాలు తేవడానికి రోడ్డు పక్క బండి దగ్గరికి వెళ్లింది. నేనూ రాజేశం గట్టు మీద కూర్చున్నాం.

"ఇంట్ల మాట్లాడుతున్నరా అన్నా?" అని అడిగాను.

"మాట్లాడుతున్న. కూర ఉన్నదా, నీళ్లున్నయా. గంతవరకు మాట్లాడుతున్న."

సముద్రం వైపు చూస్తూ తన మామూలు గొంతుతో, అంటే చుట్టుపక్కల అందరికీ వినపడేలా చెప్పాడు.

"పిల్ల అన్నది తప్పుగాదు మేడం. నా లెక్క బతకద్దనే నేను గూడ అనుకున్న. ఆమె పుట్టిననాడే అనుకున్న. అందుకే సదివిచ్చిన. గని నేను అనుకునుడు వేరే, ఆమె నోట ఇనుడు వేరే. ఇనబడలేదని మళ్ల అడిగిన సూడు, గదే నా తప్పు. అడగకుంటే ఆడికే అయిపోతుండె."

నేను వెనక్కి తిరిగి చూశాను. రజిత భజియాల పొట్లం పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మొత్తం విన్నది. ఆమె ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. చుట్టూ తిరిగి వచ్చి తండ్రి ఎదురుగా ఇసుకలో కూర్చుంది. ముఖం కనపడేలా, పెదాలు కనపడేలా దగ్గరికి జరిగింది. పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"చల్లారుతయ్ బాపూ. తిను" అంది గట్టిగా.

ఆయన ఒక భజియా తీసుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.